ఆకాశం కనిపించే గుహ

ఆ సంవత్సరం ప్రభుత్వానికి ఉన్నట్టుండి గుహల మీద ప్రేమ పుట్టింది.

అంతకుముందు సంవత్సరం చెరువుల మీద, ఆ ముందటి సంవత్సరం చిరుధాన్యాల మీద పుట్టిన ప్రేమ లాంటిదే ఇది కూడా. కాకపోతే చెరువులకూ చిరుధాన్యాలకూ అప్పటికే శాఖలున్నాయి, గుహలకు లేదు. అందుకని రాష్ట్ర గుహల గుర్తింపు సంస్థ అని ఒకటి పెట్టి, దానికి ఒక భవనంలో మూడో అంతస్తు కేటాయించి, ఒక చిహ్నం, ఒక నినాదం, ఒక యాప్ తయారు చేశారు. యాప్ పేరు గుహమిత్ర. నినాదం మొదట 'చీకటి నుంచి చీకటిలోకి' అని అచ్చయిందట. ఎవరో చూసి దిద్దారట.

ఉత్తర్వు మాత్రం స్పష్టంగా ఉంది. రాష్ట్రంలో ఉన్న ప్రతి గుహనూ ఫోటో తీసి మార్చి నెలాఖరులోగా యాప్‌లో ఎక్కించాలి. ఎక్కిన గుహకు చుట్టూ కిలోమీటరు దూరం తవ్వకాలు నిషేధం. ఎక్కని గుహ గుహ కాదు.

ఈ ఉత్తర్వును పేపర్లో చదివి, ఉప్పలపేటలో ఫోటో స్టూడియో నడుపుతున్న నాగశేషులు లేచి నిలబడ్డాడు. ఎదురుగా స్టూలు మీద పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్న పెద్దమనిషి, తనను కూడా లేవమంటున్నాడేమో అనుకుని లేచాడు.

నాగశేషులుకు నలభై మూడేళ్లు. పెళ్లిళ్లు, చెవులు కుట్టడాలు, ఓణీల ఫంక్షన్లు తీసి బతుకుతున్నాడు. అడగనిదే పెళ్లికూతురి మొటిమను కూడా ఫోటోలోంచి తీసేసేవాడు కాదు. ఉన్నది ఉన్నట్టు రావాలని అతని పట్టుదల. దీనివల్ల కొన్ని పెళ్లిళ్లు చేజారాయి కూడా. మూడేళ్ల కిందట కొండమీదిపల్లెలో మాబున్ని అనే మేకలామె ఇంట్లో మనవరాలి ఫంక్షన్‌కు పోయినప్పుడు, అతను ముసలీ ముతకా అందర్నీ వరసగా నిలబెట్టి తంటాలు పడుతుంటే, ఆమె పక్కకు పిలిచి చెప్పింది.

"ఈ మొకాలేం తీస్తావులే అబ్బీ. మా గవిలో జేజి కోక ఉండాది. తీస్తే అది తీయాల."

ఊరి వెనక బోడిమిట్ట. దాని నడుమ, రేగుకంపల చాటున, మనిషి బోర్లా పడుకుంటే పట్టేంత బొక్క. ఇరవై బారల దూరం పాకితే లోపల కళ్యాణమండపమంత గుహ, ఆ వైపు మాటలో గవి. చిన్నప్పుడు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ దూరి మాబున్ని కనుక్కున్నదది. ఆ గవి చివర, పైకప్పు నుంచి నేలదాకా, సున్నపు నీళ్లు వేల ఏళ్లుగా జారి జారి గట్టిపడి, ఆరేసిన చీరలాగా వేలాడుతోంది. కుచ్చెళ్లు కుచ్చెళ్లుగా. వెనక దీపం పెడితే తేనె రంగులో వెలుగుతుంది. అడుగున ఎర్రటి చారలు రెండు, అచ్చం అంచులాగా. ఊళ్లో దాన్ని జేజి కోక అంటారు, అంటే అవ్వ చీర. ఎవరి జేజిదో ఎవరికీ తెలియదు.

భూమి లోపల ఫోటో తీయడం శేషులుకు ఎవరూ నేర్పలేదు. మొదటిసారి ఫ్లాష్ కొట్టి తీస్తే గాలిలోని తేమ తప్ప ఏమీ రాలేదు. రెండోసారి అద్దం చెమర్చింది. చివరికి అతనికే తట్టింది. కెమెరాను స్టాండు మీద పెట్టి, కన్ను తెరిచి ఉంచి, ఆ చీకట్లో టార్చి పట్టుకుని నడుస్తూ, గోడకు సున్నం వేసినట్టు ఒక్కొక్క చోటే వెలుగు పూసుకుంటూ పోవాలి. రెండు నిమిషాలు. ఊపిరి కెమెరా వైపు వదలకూడదు. కోక వెనక ఇంకో టార్చితో మాబున్ని కూర్చునేది. ఆమె కదిలేది కాదు. మేకలు కాసినవాళ్లకు కదలకుండా కూర్చోవడం అలవాటు.

ఆ ఫోటో కెమెరా వెనక చిన్న తెర మీద కనపడినప్పుడు శేషులు దాన్ని పెద్దది చేసి, కుచ్చెళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు.

"ఏమప్పా, రాలేదా?" అంది మాబున్ని చీకట్లోంచి.

"వచ్చిందక్కా," అన్నాడు.

అప్పటినుంచి ఆదివారం అతనికి అదే పని. ఇల్లాలు కూడా అడగడం మానేసింది. కానీ ఈ సంవత్సరం సంక్రాంతి వెళ్లగానే బోడిమిట్ట మీద రాళ్లకు తెల్లసున్నంతో ఇంటూ గుర్తులు పడ్డాయి. నాపరాయి తవ్వే కంపెనీ ఒకటి మిట్టను లీజుకు అడిగింది. ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి పని. మిట్ట కింద ఉన్న ఊట ఈ గవిలోంచే వస్తుంది. మాబున్ని మేకలూ, ఊళ్లో సగం ఇళ్లూ ఆ నీళ్లే తాగుతాయి. మందు పెట్టి పేలిస్తే గవీ ఉండదు, ఊటా ఉండదు.

అందుకే శేషులు లేచి నిలబడింది.

*

ఆ ఆదివారం గవిలో, జేజి కోక ముందు నిలబడి, ఫోనులో గుహమిత్ర తెరిచి బటన్ నొక్కాడు. యాప్ కాసేపు గుండ్రంగా తిరిగి ఇలా చెప్పింది:

'మీరు ఎక్కడ ఉన్నారో తెలియడం లేదు. దయచేసి ఆకాశం కనిపించే చోటికి వెళ్లి మళ్లీ ప్రయత్నించండి.'

నలభై అడుగుల రాయి కింద సిగ్నల్ ఎక్కడిది? బయటికి పాకివచ్చి, బొక్క ముందు నిలబడి తీశాడు. ఈసారి శేషులు ఎక్కడ ఉన్నదీ యాప్ చక్కగా కనిపెట్టింది.

'గుహ కనిపించలేదు. మేక కనిపించింది. మేకలకు సంబంధించిన యాప్‌కు వెళతారా?'

"ఏమంటాందది?" అంది మాబున్ని.

"మేకను గుర్తుపట్టిందక్కా."

"దానికి తెలివుండాదే," అంది మాబున్ని మెచ్చుకోలుగా.

మర్నాడు శేషులు తను తీసిన ఫోటోలన్నీ పెద్ద సైజులో ప్రింటు వేసుకుని, జిల్లా కేంద్రంలో సంస్థ సహాయ సంచాలకులు పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాడు. పరాంకుశం గారు అంతకుముందు చేపల శాఖలో చేశారు. గోడ మీద ఇంకా రొయ్యల పటం ఉంది. మనిషి నిండుగా ఉంటారు. మాట అచ్చుకాయితం మీద నుంచి చదువుతున్నట్టు ఉంటుంది. ఆయన ఫోటోలు ఒక్కొక్కటే తీసి, కళ్లజోడు సర్దుకుని, నిదానంగా చూశారు.

"కడుంగడు శ్లాఘనీయంగా ఉన్నాయి. అయితే నాగశేషులు గారూ, వీటియందు అక్షాంశం లేదు, రేఖాంశం లేదు. ఇది ఏ జిల్లా గుహయినా కావచ్చు. చంద్రుడి మీద గుహ కాదని నేను ఏ ఆధారంతో ధ్రువీకరించాలి?"

"సార్, దాంట్లో పక్కన మాబున్నక్క ఉంది చూడండి. కొండమీదిపల్లె ఆమె."

"ఆవిడ చంద్రుడి మీదికి వెళ్లలేదని ధ్రువపత్రం ఉన్నదా?"

శేషులు ఆలోచించాడు. "తహసీల్దారు ఆఫీసులో ఇస్తారా సార్ అది?"

"దరఖాస్తు చేసి చూడండి," అన్నారు పరాంకుశం గారు. ఆయన ముఖంలో వేళాకోళం ఏమీ లేదు.

"సార్, గవి ఉంది. నేను చూపిస్తాను, మీరే వచ్చి చూడండి."

"గుహ ఉన్నదా లేదా అనునది మా పరిధిలోనిది కాదు. నమోదైనదా లేదా అనునదే మా పరిధి. ఉండి నమోదు కానివి మాకు లేవు. లేక నమోదైనవి మాకు ఉన్నవి. ఈ సూక్ష్మం తమరు గ్రహించాలి."

అయినా పరాంకుశం గారు చెడ్డమనిషి కాదు. భూమి లోపల సిగ్నల్ అందడం లేదని పై ఆఫీసుకు రాశారు. పది రోజులకు ఉత్తర్వు మీద నాలుగో నంబరు వివరణ వచ్చింది. 'గుహలు భూమి లోపల ఉండుట క్షేత్రస్థాయి సమస్య. దానిని క్షేత్రస్థాయిలోనే పరిష్కరించుకొనవలెను.'

అది అందిన మూడో రోజు ఐదో నంబరు వివరణ వచ్చింది. ఇది కాస్త మెత్తబడింది. సిగ్నల్ లేకున్నా ఫోటో స్వీకరిస్తారు. కానీ గబ్బిలాల కళ్లు దెబ్బతినకుండా, ఫ్లాషు, టార్చి, దీపం, అగ్గిపుల్ల వాడకూడదు. సహజ కాంతిలోనే తీయాలి.

గవి లోపల సహజ కాంతి ఎంతుంటుందో శేషులుకు తెలుసు. ఐనా ఆశకొద్దీ పోయి, టార్చి ఆర్పేసి, జేజి కోక ఉందనుకున్న దిక్కుకు ఫోను పట్టుకుని నొక్కాడు. నల్లటి చదరం వచ్చింది. ఎక్కించాడు. యాప్ తీసుకుంది.

"చీకటి చాలా స్పష్టంగా వచ్చినది," అని పరాంకుశం గారు ఫోనులో అభినందించారు. "ఇంతకుముందు తమరు తెచ్చినవాటి కన్నా ఇది నిబంధనలకు దగ్గరగా ఉన్నది."

శేషులు ఆ పూట ఇంటికి స్వీట్లు తీసుకుపోయాడు. మూడో రోజు తాఖీదు వచ్చింది.

'మీరు ఎక్కించిన ఫోటో రాష్ట్రంలోని మరి నలభై ఒక్క గుహల ఫోటోలతో నూటికి నూరు పాళ్లు సరిపోలినది. కావున ఇది నకలు అని నిర్ధారించడమైనది. ఎవరి నుంచి నకలు చేసినదీ మూడు దినములలో సంజాయిషీ ఇవ్వగలరు.'

ఆ తాఖీదు నలభై రెండు మందికీ వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లలో పదిహేను మంది నేరం ఒప్పుకున్నారు. ఒకాయన శేషులు పేరే రాశాడు. నకళ్లను అరికట్టడానికి సిగ్నల్ మళ్లీ తప్పనిసరి అయింది.

*

మార్చి రెండో వారంలో క్షేత్ర పరిశీలన బృందం బోడిమిట్ట ఎక్కింది. పరాంకుశం గారితో పాటు, రాజధాని నుంచి కౌండిన్య అనే సాంకేతిక సలహాదారు వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. కాళ్లకు కొండలెక్కే బూట్లు, చేతిలో పలక లాంటి కంప్యూటర్. మాబున్ని రేగుకంపలు తొలగించి బొక్క చూపించింది. ఇద్దరూ వంగి చూశారు.

"ఇది ప్రధాన ద్వారమా?" అన్నారు పరాంకుశం గారు.

"ఇదొక్కటే సామీ. పడుకోని పాకాల."

పరాంకుశం గారు తన పొట్టను, బొక్కను మార్చి మార్చి చూసుకున్నారు. "ద్వారం అధికారిక ప్రమాణములకు అనుగుణంగా లేదు," అని రాయించారు. లోపలికి ఎవరూ పోలేదు. మొత్తం పరిశీలన బయటి నుంచే జరిగింది.

కౌండిన్య మిట్ట మీద అటూ ఇటూ తిరిగి, పలక మీద ఏవో గీతలు గీసి, సంతోషంగా వచ్చాడు. "సమస్య చాలా సింపుల్ సార్. సిగ్నల్ గుహలోకి రావడం లేదు. ఎందుకని? మధ్యలో రాయి ఉంది. రాయి తీసేస్తే సిగ్నలూ వస్తుంది, సహజ కాంతీ వస్తుంది."

"ఎంత రాయి?" అన్నాడు శేషులు.

"మొదట బోరు బావంత చాలనుకున్నా. కానీ లొకేషన్ పక్కాగా రావాలంటే కనీసం నాలుగు శాటిలైట్లు కనపడాలి. అవి ఆకాశంలో నాలుగు దిక్కులా ఉంటాయి. కాబట్టి నలభై అడుగుల వెడల్పు ఓపెనింగ్ ఉంటే సేఫ్. గుహలో అన్నిటికంటే ముఖ్యమైన స్పాట్ ఏదండీ?"

శేషులు చెప్పలేదు. మాబున్నికి ఆ ప్రశ్న సగమే అర్థమై, గర్వంగా చెప్పేసింది. "జేజి కోక సామీ."

"సరిగ్గా దాని పైనే పెడదాం. ఫోటోకు అదే కదా కావాలి."

"సార్," అన్నాడు శేషులు, "కప్పు తీసేస్తే జేజి కోక దేనికి వేలాడుతుంది? అసలు కప్పు లేకుంటే అది గుహ ఎట్లవుతుంది?"

పరాంకుశం గారు సంచీలోంచి మార్గదర్శకాల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పి చదివారు. "'గుహ యనగా సహజముగా గాని, ఇతరత్రా గాని ఏర్పడి, లోపల ఖాళీ కలిగి, మనుష్యుడు ప్రవేశించుటకు వీలైన శిలారూప ఆకృతి.' కప్పు తప్పనిసరి అని ఎచ్చట ఉన్నదో చూపించండి."

శేషులు పుస్తకం తీసుకుని వెతికాడు. నిజంగానే లేదు.

ఇరవై ఐదో తేదీన మందు పెట్టి కప్పు తెరవాలని నిర్ణయమైంది. దానికి 'ఊర్ధ్వ సంకేత మార్గము' అని పేరు పెట్టారు. పేల్చే పని మిట్టను లీజుకు అడిగిన రాతి కంపెనీయే సామాజిక బాధ్యతగా ఉచితంగా చేసిపెడతానని ముందుకొచ్చింది. వాళ్ల సేవాభావాన్ని బృందం తన నివేదికలో ప్రశంసించింది.

*

బృందం దిగిపోయాక శేషులు ఊట పక్కన బండ మీద కూలబడ్డాడు. మేకలు నీళ్లు తాగుతున్నాయి. ఫోటో తీయించకుంటే ఏప్రిల్ ఒకటిన కంపెనీ పేలుస్తుంది. తీయించాలంటే మార్చి ఇరవై ఐదున ప్రభుత్వం పేలుస్తుంది. తేడా వారం రోజులు.

"నేను ఆ పేపరు చదవకుండా ఉండాల్సింది అక్కా," అన్నాడు.

మాబున్ని ఆకు వక్క నములుతూ చాలాసేపు ఏదో లెక్క కడుతున్నట్టు కూర్చుంది.

"అబ్బీ, వాళ్లు గవి లోపలికి పోయినారా?"

"లేదు."

"పోతారా?"

"పొట్ట పట్టదు కదక్కా."

"అంటే వాళ్లకు గవి వద్దు. గవి ఫోటో కావాల. ఆ ఫోటోలో పైన మొగులు కనపడాల. అట్లాంటి గవి దేవుడు యాడా చేసిండడు. మనమే చేసియ్యాల."

శేషులుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. "దొంగ ఫోటో తీయమంటావా?"

"నేను దొంగతనం చేయమన్లా. వినాయకచవితికి మీ ఉప్పలపేటలో గోనెసంచులతో గుహ కడతారు గదా. దాంట్లో దేవుణ్ని పెడతారు. దేవుడేమన్నా ఇది దొంగ గుహ, నేను కూకోను అన్నాడా?"

శేషులు లేచి మిట్ట దిగాడు. ఇంటికి పోయి, తిండి సహించక, మార్గదర్శకాల జిరాక్సు ముందేసుకుని కూర్చున్నాడు. 'ఇతరత్రా గాని' అన్న మాట దగ్గర అతని కన్ను ఆగిపోయింది. తప్పు చేస్తున్నానన్న బాధ ఉంది. తప్పేమిటో చూపించే వాక్యం మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా దొరకలేదు.

మర్నాటి నుంచి ఐదు రోజులు స్టూడియో మూసేశాడు. ఊళ్లో చవితి పందిళ్లు కట్టే నలుగురు చేతి సాయం పట్టారు. బోడిమిట్ట నెత్తిన, గవికి సరిగ్గా పైన, వెదురు బద్దలు వంచి కట్టి, వేరుశనగ సంచులు విప్పి సున్నంలో ముంచి పరిచారు. గోడల మీద రాతి ఊడల్లా కనపడటానికి గుడ్డపేలికలు పేనారు. పైన కప్పు వెయ్యలేదు. మొదలుపెట్టినప్పుడు ఏదో మొక్కుబడిగా చేద్దామనుకున్న శేషులు రెండోరోజుకు పనిలో పడిపోయాడు. రాయికి తడి రంగు రాలేదని ఒక గోడ మొత్తం పీకించి మళ్లీ పూయించాడు. జేజి కోక లాంటిది ఒకటి చేద్దామని ఎవరో అంటే మాత్రం ఒప్పుకోలేదు. "అది వద్దు," అన్నాడంతే.

ఇరవై రెండో తేదీ పగలు పదకొండు గంటలకు ఆ గోనె గుహలో నిలబడి, నడినెత్తిన ఎండ కాస్తుండగా ఫోను నొక్కాడు.

'గుహ కనిపించింది. శాటిలైట్లు: పదకొండు. కాంతి: సహజం. నాణ్యత: అత్యుత్తమం. అభినందనలు, గుహమిత్రమా!'

శేషులు ఫోను జేబులో పెట్టుకుని, పక్కకు పోయి, చేతికంటిన సున్నం కడుక్కున్నాడు. ఎంతకీ పోలేదు.

*

ఫోటో నమోదు కావడంతో ఊర్ధ్వ సంకేత మార్గము అక్కర్లేకపోయింది. పరాంకుశం గారు ధ్రువీకరణ సంతకం పెట్టారు. చుట్టూ కిలోమీటరు మేర తవ్వకాలు నిషేధించారు. రాతి కంపెనీ తన సామాజిక బాధ్యతను వేరే కొండకు మార్చుకుంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ రాష్ట్రం మొత్తం మీద అన్ని నిబంధనలూ తీర్చిన గుహ అదొక్కటే అని తేలింది. దానికి ఆదర్శ గుహ అని బిరుదిచ్చారు. మిగతా జిల్లాలకు ఆరో నంబరు వివరణ పోయింది: 'బోడిమిట్ట గుహ ఎట్లు ఆకాశము కనిపించునట్లు ఏర్పడినదో, తక్కిన గుహలును అట్లే ఏర్పడునట్లు చర్యలు గైకొనవలెను.' రాజధాని నుంచి ఒక అధ్యయన బృందం వచ్చి గోడ గీకి చూసి, రాతిలో జనపనార అవశేషాలున్నాయనీ, జనపకు బాగా వానలు కావాలి కనుక ఒకప్పుడు ఈ మెట్ట ప్రాంతంలో ఏడాది పొడవునా కుంభవృష్టి కురిసేదనీ నిర్ధారించింది. కొండమీదిపల్లె జనం ఆ మాట విని ఎండిన చేల వైపు చూసుకున్నారు. ఒకరిద్దరు ఆ రోజులు గుర్తున్నాయని కూడా అన్నారు.

జూన్‌లో ఆ కుంభవృష్టిలో పదో వంతు పడింది. మూడు రోజుల వాన. నాలుగో రోజు పరాంకుశం గారు ఒక్కరే, గొడుగు వేసుకుని, ఆదర్శ గుహ వార్షిక తనిఖీకి మిట్ట ఎక్కి వచ్చారు. శేషులు, మాబున్ని అప్పటికే అక్కడ ఉన్నారు. తడిసి జారిన గోడకు సున్నం పూద్దామని బకెట్టు తెచ్చుకున్నారు. బకెట్టు దాచడానికి టైము లేకపోయింది.

సున్నం కరిగి గోడ మీద నీలిరంగు అక్షరాలు బయటపడ్డాయి. పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకుని పైకే చదివారు.

"వేరుశనగ విత్తనములు. మొదటి రకము. తడి తగలనీయరాదు."

తర్వాత గొడుగు కొనతో గోడను పొడిచారు. గొడుగు ఇవతలి నుంచి అవతలికి పోయింది. తీశారు. బొక్కలోంచి అవతల మేస్తున్న మేక కనపడింది.

కేసు, జైలు అన్నీ తట్టినా, వాటికన్నా ముందు శేషులుకు సుత్తి దెబ్బల చప్పుడు వినిపించినట్టయింది. "సార్, తప్పు నాది. ఆమెకేం తెలియదు. ఏదైనా చేస్తే నన్ను చేయండి. మిట్టను మాత్రం..."

"కట్టమన్నది నేనే సామీ," అంది మాబున్ని అడ్డొచ్చి.

పరాంకుశం గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. వెదురు గుంజను పట్టుకుని కాసేపు నిలబడ్డారు. గుంజ ఊగింది.

"ఇది గుహ అని ధ్రువీకరించినది ఎవరు?"

"తమరే సార్."

"నా ముప్పై ఒక్క సంవత్సరముల సర్వీసులో నా సంతకము అబద్ధమైనట్లు ఎచ్చటా నమోదు కాలేదు. కాబట్టి ఇది గుహయే." ఆయన గొంతు సవరించుకున్నారు. "వాతావరణ ప్రభావము వలన గుహకు స్వల్ప శైథిల్యము వాటిల్లినది. ఏటేటా మరమ్మతు చేయుటకు తమరిని నియమిస్తున్నాను. అదిగాక, ఇక్కడ ఒక బోర్డు పెట్టించండి. 'ఈ మిట్టయందు ఇది తప్ప వేరే గుహలు లేవు. ఉన్నవని ప్రచారము చేయువారు శిక్షార్హులు' అని. పెద్ద అక్షరాలలో."

శేషులు తలూపాడు. ఆ బోర్డు ఏం చేస్తుందో అతనికి మెల్లగా అర్థమైంది. లేదని సర్కారే రాసిన గవిని ఇక ఎవరు తవ్వుతారు?

పరాంకుశం గారు వెళ్లిపోతున్నట్టు నాలుగు అడుగులు వేసి, ఆగిపోయారు. వెనక్కి తిరగకుండా అడిగారు.

"అసలుది ఉండాదా?"

ఆయన నోట ఆ యాస వినడం శేషులుకు అదే మొదటిసారి.

"ఉంది సార్."

"చేపల శాఖలో పదేండ్లు చేస్తిని, సముద్రం చూడల్యా. గుహల్లోకి వస్తిని." గొడుగు ముడిచారు. "నాకు పడ్తాదా ఆ బొక్క?"

"వానకు మట్టి మెత్తగయింది సామీ," అంది మాబున్ని, కొలిచినట్టు ఆయన్ను కింది నుంచి పైకి చూసి. "ఊపిరి బిగబట్టి పాకితే పడ్తాది."

పట్టడానికి గంట పట్టింది. ముందు మాబున్ని, వెనక శేషులు, నడుమ సహాయ సంచాలకులు. ఒకచోట ఇరుక్కుపోయి, రాజీనామా చేస్తానని రెండుసార్లు అన్నారు. ఎవరూ ఆమోదించలేదు. ఎట్లాగో లోపలికి జారిపడ్డాక, చొక్కా గుండీలు రెండు పోయి, మోకాళ్ల దాకా బురదతో, ఆ చీకట్లో లేచి నిలబడ్డారు.

"కదలొద్దు సార్," అన్నాడు శేషులు. ఆయన్ను భుజాలు పట్టుకుని కోకకు ఎడంపక్కన నిలబెట్టాడు. స్టాండు సర్దాడు. మాబున్ని వెనక్కి పోయి కూర్చుంది. "ఇప్పుడు అక్కా."

వెనక దీపం వెలిగింది. రాయి మెల్లమెల్లగా తేనె రంగుకు తిరిగింది. కుచ్చెళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. కింద ఎర్రటి అంచు, కొసన జారబోతున్న నీటిబొట్టు. శేషులు గోడల మీద వెలుగు పూసుకుంటూ, ఊపిరి పక్కకు వదులుతూ, చప్పుడు లేకుండా నడిచాడు. రెండు నిమిషాలు పరాంకుశం గారు నిజంగానే కదలలేదు. రెండు నిమిషాలయ్యాక కూడా కదలలేదు.

"అయిపోయింది సార్."

"ఉండుండు," అన్నారాయన. "దీపం తీయొద్దను."

మాబున్ని దీపం తీయలేదు. కాసేపయ్యాక ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. చొక్కా నిండా బురద. అద్దాలు ఇంకా పాడయ్యాయి.

"దీన్నా నేను పేల్చమనింది?" అన్నారు.

శేషులు కెమెరా వెనక తెర చూపించాడు. వెలుగుతున్న ఆ రాతి పక్కన నల్లటి నిండు మనిషి ఆకారం, చేతులు కట్టుకుని, తల పైకెత్తి, బడిలో మొదటిరోజు నిలబడ్డ పిల్లవాడిలా ఉంది. పరాంకుశం గారు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"నాకొకటి పెద్దది వేసియ్యి శేషులూ. ఇంట్లో హాల్లో పెట్టుకుంటా."

"ఎవరైనా ఎక్కడిదని అడిగితే సార్?"

పరాంకుశం గారు ఆలోచించారు. చొక్కా సర్దుకుని, గుండీలు లేని చోట చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్లీ అచ్చుకాయితం గొంతు తెచ్చుకున్నారు.

"మీ స్టూడియోలో పరదా ముందర తీయించుకున్నానని చెప్పెదను."